రక్షణ ఉత్తర్వును పంచాయితీ రద్దు చేయలేదు

గృహ హింస కేసులో మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును రద్దు చేసే అధికారం ఊరి పెద్దమనుషులకు లేదు. ఈ సంగతి మరిస్తే చేతిలో కాగితం ఉన్నా రక్షణ ఉండదు.

2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న 2005 నాటి గృహ హింస చట్టం 18వ సెక్షన్ కింద ఈ ఉత్తర్వు ఇస్తారు. కొట్టడం, తిట్టడం మానమని చెప్పడంతోనే ఇది ఆగదు. బాధితురాలు పనిచేసే చోటికి, పిల్లలు చదివే బడికి ఎదుటి పక్షంవాళ్లు రాకూడదని, ఫోనులో గానీ వాట్సాప్‌లో గానీ, మనిషిని పంపి గానీ మాట్లాడించే ప్రయత్నం చేయకూడదని, కోర్టు అనుమతి లేకుండా బ్యాంకు లాకరు, ఉమ్మడి ఖాతా ముట్టకూడదని, ఆమె బంగారం అమ్మకూడదని, ఆమెకు అండగా నిలిచిన పుట్టింటివాళ్ల జోలికి పోకూడదని కూడా కోర్టు కట్టడి చేయవచ్చు. కావలసినవన్నీ దరఖాస్తులోనే విడివిడిగా రాయించుకోవాలి.

గద్వాల, అలంపూర్ ప్రాంతమైన నడిగడ్డలో పిల్లను తుంగభద్ర దాటించి కర్నూలు వైపు ఇవ్వడం, గద్వాల మీదుగా రాయచూరు వైపు ఇవ్వడం మామూలే. దెబ్బలు అక్కడ తగిలాయి కాబట్టి కేసు కూడా అక్కడే వేయాలేమో అన్న సందేహం అందుకే వస్తుంది. అక్కర్లేదు. 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట వేసినా చెల్లుతుంది. పుట్టిల్లు అలంపూర్ అయితే అలంపూర్ కోర్టు చాలు. అక్కడ వచ్చిన ఉత్తర్వు దేశమంతటా అమలవుతుంది. తుంగభద్ర వంతెన దాటినా దాని బలం తగ్గదు.

దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మామూలుగా మొదటి వాయిదా వేయాలి, ఆ వాయిదా నుంచి 60 రోజుల్లో కేసు తేల్చే ప్రయత్నం చేయాలి అని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాలు సాగుతాయి. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అఫిడవిట్ చూసి, అవతలి పక్షం రాకముందే ఇచ్చే వీలు 23వ సెక్షన్‌లో ఉంది.

ఉత్తర్వు వచ్చాక కథ ఎలా తిరుగుతుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. కర్నూలు వైపు కాపురానికి వెళ్లి దెబ్బలు తిన్న మనిషి పుట్టింటికి వచ్చి ఉత్తర్వు తెచ్చుకుంటుంది. నెల తిరక్కుండానే మామ, మరో ఇద్దరు పెద్దమనుషులు వస్తారు. రచ్చబండ దగ్గర పంచాయితీ కూర్చుంటుంది. ఇకమీదట చేయి చేసుకోనని భర్త తెల్లకాగితం మీద సంతకం పెడతాడు, అటూ ఇటూ సాక్షుల వేలిముద్రలు పడతాయి. కోర్టు కాగితం బియ్యం డ్రమ్ము మీదున్న సంచిలోకి పోతుంది. వారం తర్వాత అతను తాగి వచ్చి బడి గేటు దగ్గర పిల్లవాడి చేయి పట్టుకుంటాడు. ఆమె స్టేషనుకు పరుగెత్తితే, ‘రాజీ అయ్యిందంట కదమ్మా?’ అని అడుగుతారు.

రాజీ కాగితంతో ఉత్తర్వు రద్దు కాలేదు. ఆమె తనంతట తాను రద్దు కోరేదాకా ఉత్తర్వు నిలుస్తుందని 25వ సెక్షన్ చెబుతుంది. పరిస్థితులు మారాయని ఏ పక్షం వెళ్లినా, కారణాలు రాసి మార్చాల్సింది మేజిస్ట్రేటే. కలిసి బతకాలని ఆమెకే అనిపిస్తే తప్పేమీ లేదు. ఆ మాట కోర్టులో చెప్పి షరతులు మార్పించుకోవాలి. ఉత్తర్వును పక్కనపెట్టి అతన్ని ఇంట్లోకి రానిస్తే, తర్వాత ‘ఆమే పిలిచింది’ అని వాదించడానికి అతనికి దారి దొరుకుతుంది.

ఉల్లంఘన జరిగిన రోజే ఫిర్యాదు చేయాలి. 31వ సెక్షన్ కింద దీనికి ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరం. సాక్షులు లేరని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆమె సాక్ష్యం ఒక్కదాని మీదనే నేరం జరిగిందని కోర్టు తేల్చవచ్చు. పోలీసులకు గానీ, ఈ చట్టం కింద నియమించే రక్షణాధికారికి గానీ, నేరుగా మేజిస్ట్రేటుకు గానీ చెప్పుకోవచ్చు. ఉత్తర్వు ప్రతిని కోర్టు ఉచితంగా ఇస్తుంది, స్టేషనుకూ పంపుతుంది. అయినా ఒక జిరాక్సు సంచిలో, ఒక ఫొటో ఫోనులో ఉంచుకోవడం మేలు. పంచాయితీ రాజీ చూపించి ఎవరైనా అడ్డుపడితే చూపాల్సింది ఆ ప్రతినే.

కోర్టు నెలనెలా ఇవ్వమన్న డబ్బు కట్టకపోవడం వేరే సంగతి. దాన్ని భరణం వసూలు చేసే పద్ధతిలో రాబట్టాలి, అతను జీతానికి పనిచేసేవాడైతే యజమాని నుంచే ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ఇంటి విషయానికొస్తే, అత్తమామల పేరున ఉన్న ఇంట్లోనూ కోడలికి నివాస హక్కు ఉండవచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల సంస్థ నుంచి ఉచితంగా వకీలు దొరుకుతాడు. దరఖాస్తు రాయించడానికి గద్వాలలోని రక్షణాధికారి, సఖి కేంద్రం సాయపడతాయి. ఆపదలో 181కి, పోలీసుల కోసం 100కి ఫోను చేయాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు నచ్చనివాళ్లు, అది భర్తయినా భార్యయినా, 30 రోజుల్లోపు సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవాలి. పంచాయితీలో తేల్చుకుంటే కుదరదు.