వాట్లు కాదు, వాటాలు చూడాలి



మన బడి కంప్యూటర్ గదిలో మూలనపడ్డ పాత పెట్టెలకు కొత్త పవర్ సప్లైలు కొనిద్దామని మిత్రులు ముందుకొచ్చారు. పిల్లలు విప్పి, బిగించి నేర్చుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. అయితే కొనేముందు ఒక మాట.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచుతారు. నదిలో ఎంత నీరున్నా, తన కాలువకు ఎంత వదిలారన్నదే రైతుకు లెక్క. పవర్ సప్లైకీ ముఖ్యంగా మూడు కాలువలే: 3.3, 5, 12 వోల్టులు. 2000కు ముందు బోర్డులు చాలావరకు ప్రాసెసర్‌కు 5 వోల్టుల నుంచే కరెంటు తీసుకునేవి. పెంటియం 4 నుంచి ఆ భారం 12 వోల్టులకు మారింది. కొత్త సప్లైల బలమంతా అక్కడే. కాబట్టి లేబుల్ మీద మొత్తం వాట్లు చూసి మురిసిపోకుండా, 5 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లున్నాయో పాత లేబుల్‌తో పోల్చండి.

పాత బోర్డుకు 20 పిన్నులు, కొత్త ప్లగ్గుకు 24. చివరి నాలుగూ విడివడే రకమే కొనండి. కొన్ని పాత కంపెనీ పెట్టెల్లో ప్లగ్గు ఆకారం ఒకటే అయినా తీగల వరస వేరు. అలాగే తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే కొత్త సప్లై దండగ.

అందుకే ముందు ఒక్కటే కొందాం. మనం దగ్గరుండి పిల్లల చేతే బిగింపిద్దాం. అది నడిచాకే మిగతావి.