పట్టుపురుగులో ఆడ మగ నిర్ణయము



హిందూపురము పట్టుగూళ్ళ అంగడిలో గూళ్ళను రాశులుగా పోసి వేలము వేయుచుండగా చూచినవారు మీలో అనేకులు గలరు. ఆ రాశిలో సుమారు సగము ఆడవి, సగము మగవి. కంటికి భేదము స్వల్పము. తక్కెడలో మాత్రము భేదము గలదు. ఆడ పురుగు కడుపున గుడ్లు నిండియుండుటచే ఆ గూడు బరువు. కాని ఆ బరువులో పట్టు పాలు తక్కువ. మగ గూడు తేలిక. దానియందు పట్టు పాలెక్కువ. కొనువాడు తూకమునకు సొమ్మిచ్చును, వానికి దక్కునది దారము. అట్టి దారమే ధర్మవరమున మగ్గమెక్కును. కావున ఈ ఆడ మగ భేదమెక్కడ పుట్టుచున్నదను ప్రశ్న పండితులకే గాక, హిందూపురము, పెనుకొండ ప్రాంతములలో మల్బరి తోట పెంచు కాపునకును సంబంధించినదే.

దీనిని శాస్త్రజ్ఞులు విశేషముగా వెదకినది మిగుల ముగ్గిన అరటిపండ్లపై ముసరు చిన్న యీగలలో. 1910వ సంవత్సరమున న్యూయార్కు నగరములో మోర్గన్ అను పండితుడు పాల సీసాలలో ఈ యీగలను పెంచుచు, ఎఱ్ఱకన్నుల యీగల నడుమ తెల్లకన్నుల మగ యీగ నొకదానిని చూచెను. దాని సంతతిని లెక్కించి, కన్నుల రంగును నిర్ణయించు జన్యువు ఆడ మగ భేదమును వెంబడించు క్రోమోసోముపై నున్నదని తెలిసికొనెను. క్రోమోసోములనగా ప్రతి జీవకణమునందును ఉండు సన్నని పోగులు. ఈ యీగలో అవి 4 జతలు, పట్టుపురుగులో 28 జతలు. ఒక్క జత విషయముననే భేదము. ఆడ యీగకు రెండును ఎక్స్ అనబడు పోగులే; మగ యీగకు ఒకటి ఎక్స్, రెండవది వై. తల్లి గుడ్లన్నిటిలో ఎక్సే యుండును. తండ్రి బీజములలో సగము ఎక్స్‌ను, సగము వైను మోయును.

మనుష్యులలోను ఈ జత యిట్లే. ఆడపిల్లలనే కనుచున్నదని కోడలిని నిందించుటయు, కొడుకునకు మారుపెండ్లి మాటలాడుటయు మన గ్రామములలో ఎవరును ఎరుగని సంగతి కాదు. బిడ్డ ఆడదియా మగదియా యనునది తండ్రి బీజమును బట్టి యుండును. తల్లి యిచ్చునది ఎల్లప్పుడును ఎక్సే. అట్టి తగవు రచ్చబండకు వచ్చినపుడు ఇంతమాత్రము చెప్పగల పెద్ద యొకడున్నచో, ఒక యిల్లు నిలుచును. తండ్రిని నిందింపుడని నా తాత్పర్యము గాదు. ఏ బీజము ముందుగా చేరునో అది అతని వశమున లేదు.

పట్టుపురుగులో వ్యవహారము తారుమారు. అక్కడ మగదానికే రెండు సమానమైన పోగులు; వానిని జెడ్ అందురు. ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు. గుడ్డు పెట్టు తల్లియే నిర్ణయించునది. డబ్ల్యు ఒక్కటి యున్న చాలును, జెడ్‌లు ఎన్ని యున్నను ఆడదే యగునని జపాను దేశమున హషిమోటో 1933లో చూపెను. అది ఎట్లు పనిచేయునో తెలియుటకు ఎనుబది యేండ్లు పట్టినది. 2014లో టోక్యో పండితులు కనుగొన్న దేమనగా, జెడ్ మీది జన్యువొకటి మగతనమునకై ఆజ్ఞాపత్రమును పంపును. డబ్ల్యు నుండి పుట్టు అతి చిన్న తునక యొకటి ఆ పత్రమును మధ్యనే చించివేయును. పత్రము చిరిగినచో ఆడది, చేరినచో మగది. ఇంత పెద్ద భేదమునకు ఇంత చిన్న తునక చాలునా యని నాకు మొదట నమ్మకము కలుగలేదు.

ఆ ఆజ్ఞాపత్రమునకు మరియొక పనియు గలదు. మగదానికి జెడ్‌లు రెండు గదా. అవి రెండును మితిమీరి పనిచేయకుండ అదియే అదుపులో నుంచును. దానిని తొలగించిన మగ పిండములు చాలవరకు గుడ్డు పగులకమునుపే చచ్చుచున్నవి. యీగలో ఇందుకు విరుద్ధము: మగదాని ఒంటి ఎక్స్, రెండెద్దుల బరువును లాగు ఒంటియెద్దు వలె, రెట్టింపు పనిచేయును. 1965లో ముఖర్జీ యను వంగదేశీయుడును, బీర్మన్ అను జర్మను దేశీయుడును ఆ యీగ లాలాజల గ్రంథులలో దీనిని ప్రత్యక్షముగా చూచిరి.

విచిత్రమేమనగా, దేహమంతట నడచు ఈ కట్టుబాటు బీజములు తయారగు చోట నడువదు. రెట్టింపు పని చేయించు ఆ సాధనము బీజకణములలో కానరాదు. బీజము ముదురుకొలది ఎక్స్ పని తగ్గిపోవును. దేహమున మిగిలినచోట్ల నిద్రించు వై అక్కడనే మేల్కొనును. వై లేని మగ యీగ బ్రతుకును, చూపునకు మగదియే. కాని దానికి సంతానము లేదు. ఇది 1916లో బ్రిడ్జెస్ కనుగొన్న విషయము. యీగలో మగతనమునకు వై అక్కరలేదు, సంతతికి కావలెను. మనుష్యులలోనో, మగతనమునకే కావలెను. ఒకదానిని చూచి వేరొకదానిని ఊహింపరాదు.

ఇక గుడ్లు తయారుచేయు గ్రెయినేజికి వత్తము. మన ప్రాంతమున పెంచునది సంకరజాతి: మైసూరు జాతి ఆడదానికిని, తెల్లగూటి జాతి మగదానికిని పుట్టినది. సీతాకోకలు గూటినుండి వెలువడిన కొలది సేపటికే జతకూడును. అప్పటికి ఆడ మగలను వేరుచేయనిచో స్వజాతితోనే కలియును. ఆ గుడ్లు సంకరము కావు, పంట చెడును. అందుచే గూడు కోసి, లోని పురుగు తోక దిక్కున నున్న గురుతును చూచి, చేయి తిరిగిన పనివారు ఒక్కొక్కటిగా ఏరుదురు. కన్ను అలసినచో నష్టము కాపుది.

ఈ శ్రమ తగ్గించుటకు జపానులో తజిమా 1940 తరువాత ఒక ఉపాయము సాధించెను. మచ్చల జన్యువున్న క్రోమోసోము ముక్క యొకటి ఎక్స్‌రే కిరణముల వలన విరిగి డబ్ల్యుకు అంటుకొనగా, తల్లినుండి కూతురికే మచ్చలు సంక్రమించెను. పిమ్మట పసుపు గూటి జన్యువును సైతము అట్లే డబ్ల్యుకు చేర్చిరి: ఆడ గూడు పసుపు, మగ గూడు తెలుపు. సోవియట్ దేశమున స్ట్రున్నికోవ్ ఇంకను ముందుకు పోయి, మగ పురుగులే పొదుగు జాతిని తయారుచేసెను. హిందూపురము చెంత కిరికెరలో పట్టుపరిశ్రమ పరిశోధనా సంస్థ యున్నది. ఇట్టి జాతులను గూర్చి అచ్చటివారిని అడుగవచ్చును. మచ్చల జాతిని పెంచిన తట్టలో పురుగు నాలుగవ జ్వరము దాటిన పిమ్మట, చారలున్నవి ఆడవనియు లేనివి మగవనియు బడికి పోవు పిల్లవాడు కూడ ఏరి పెట్టగలడు.