ఆడినవాళ్లే నేర్పాలి

(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వాలీబాల్, కబడ్డీ గురించి బూర్గంపాడు గూడేల పిల్లలకు నేను చెప్పేదేముంది? నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని ఈ రోజు ఫుట్‌బాల్ గురించి, అందులోనూ ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన పేరు మహమ్మద్ హబీబ్. మన హైదరాబాద్ మనిషి. చాలా ఏళ్లు మైదానం నడుమ నిలబడి ఆడారు, ఆ తర్వాత కోచ్‌గా పిల్లలకు ఆట నేర్పారు.

హబీబ్ 1949 జూలై 17న పుట్టారు. ఆ రోజుల్లో హైదరాబాద్‌ను దేశమంతా ఫుట్‌బాల్ ఊరుగా చూసేది. అందుకు పెద్ద కారణం సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఒక బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1963లో రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన దున్ని వదిలిన నేలలో మొలిచిన తరమే హబీబ్ తరం.

పదిహేడేళ్ల వయసులో, 1966లో, హబీబ్ కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. భాష వేరు, తిండి వేరు, వేలమంది అరిచే మైదానాలు. అయినా నిలబడ్డారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. తమ్ముడు అక్బర్ ముందు వరుసలో గోల్స్ కొడుతుంటే అన్న వెనక నుంచి బంతి అందించేవాడు. అక్కడి జనం ఆయన్ని ‘బడే మియా’ అని పిలుచుకున్నారు. అప్పట్లో చాలామంది ఆటగాళ్లు ఏదో ఒక ఉద్యోగం చూసుకుని, ఆ జీతం మీద బతుకుతూ ఆడేవారు. హబీబ్ మాత్రం ఆటనే పనిగా పెట్టుకున్నారు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆయన ఉన్నారు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు ఇంతవరకు పతకం రాలేదు. 1977 సెప్టెంబరులో పెలే తన కాస్మోస్ జట్టుతో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. మోహన్ బగాన్‌తో ఆట 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. 1980లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మిడ్‌ఫీల్డర్ అంటే నడుమ ఆడేవాడు. మన భూమి పండుగ వేట తలుచుకోండి. అడవిలో అరుస్తూ జంతువును తోలేవాళ్లు కొందరు, విల్లు పట్టి కాపు కాసేవాళ్లు కొందరు. ఎవరు ఎక్కడున్నారో, ఎప్పుడు కదలాలో చూసుకునే మనిషి ఒకడుంటాడు. బాణం తగిలితే పేరు వేసినవాడిది. కానీ ఆ నడుమ మనిషి లేకపోతే వేట సాగదు. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ పని అదే. ముందు ఏం జరుగుతోందో, వెనక ఏం జరుగుతోందో రెండూ చూడాలి. అందుకే మంచి కోచ్‌లలో చాలామంది ఆ చోట ఆడినవాళ్లు.

ఫ్రాన్స్ దేశపు డిడియే దెషాంప్ సంగతి చూడండి. తనతో కలిసి ఆడిన ఎరిక్ కంటోనాయే ఆయన్ని ‘నీళ్లు మోసేవాడు’ అని చులకన చేశాడు. ఆ నీళ్లు మోసేవాడు 1998లో కెప్టెన్‌గా ప్రపంచ కప్పు ఎత్తాడు. ఇరవై ఏళ్లకు, 2018లో, కోచ్‌గా మళ్లీ గెలిచాడు. ఆటగాడిగానూ కోచ్‌గానూ ప్రపంచ కప్పు గెలిచినవాళ్లు మొత్తం ముగ్గురే.

హబీబ్‌కు అలాంటి కప్పు రాలేదు. బూట్లు విప్పాక ఆయన జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, తర్వాత బెంగాల్‌లోని హల్దియా అకాడమీలో కోచ్‌గా పనిచేశారు. అంటే మీ వయసు పిల్లల మధ్య పని. ఆ పనికి చప్పట్లు తక్కువ, పేపర్లో ఫొటో పడదు. పెలే ఎదుట గోల్ కొట్టిన మనిషి పొద్దున్నే లేచి పిల్లలకు పాస్ ఇవ్వడం నేర్పారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆయన తుదిశ్వాస విడిచారు. నా దృష్టిలో ఆయన గోల్స్ ఎంత గొప్పవో ఆ పొద్దుటి పూటలూ అంతే గొప్పవి.

ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? మన పిల్లల్లో కాలి బలం లేక కాదు, ఊపిరి లేక కాదు. ఆశ్రమ పాఠశాలలో ఉన్నంతకాలం ఆడతారు. ఇంటర్ అయ్యాక మిర్చి చేను, కూలి పని, డ్రైవింగ్, పెళ్లి. ఇరవై రెండేళ్లకు ఆట ఆగిపోతుంది. ఆగిపోతే పోనీ, నేర్చుకున్నది కూడా వాళ్లతోనే పోతోంది. తర్వాత వచ్చే పిల్ల మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. మనం నష్టపోతున్నది ఇక్కడే.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. ఒకప్పుడు హబీబ్ వేసుకున్న ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపు జెర్సీనే ఆమె కూడా వేసుకుంది. ఆ అమ్మాయిని చూసి మన ఆడపిల్లలు బంతి పట్టుకుంటే వాళ్లకు నేర్పేది ఎవరు? బయటి నుంచి కోచ్ వస్తే సంతోషమే. కానీ గట్టు మీద నిలబడి కోయలోనో, లంబాడీలోనో ‘ఎడమకు జరుగు’ అని అరిచే అన్న ఉంటే, అక్క ఉంటే ఆ పిల్లకు బెదురు పోతుంది. పిల్ల ఇంట్లో ఇబ్బందేమిటో, పత్తి ఏరే రోజుల్లో ఎందుకు రాలేదో ఆ అన్నకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకని మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ఇరవై దాటినవాళ్లు వారానికి రెండు సాయంత్రాలు మీ గూడెం పిల్లలకు ఇవ్వండి. రెండు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచింగ్ కోర్సులు నడుపుతుంది. డి లైసెన్స్ కొద్ది రోజుల కోర్సు. దాని పైన సి, బి, ఎ ఉన్నాయి. ఈ ఏడాది మనలో ఇద్దరైనా, అందులో ఒక ఆడపిల్ల ఉండేలా, ఆ మొదటి మెట్టు ఎక్కాలి. ఖర్చు సంగతి సంఘం పెద్దలు ఇక్కడే ఉన్నారు, వాళ్ల ముందే అడుగుతున్నాను. మూడు, గోల్ కొట్టినవాడికి దండ వేసేటప్పుడు, ఆ బంతి అందించినవాడి పేరు కూడా మైకులో చదవండి.

మన పెద్దలు డోలు వాయించడం కాగితం మీద రాసి ఇవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. ఆటనూ అలాగే అందిద్దాం.

 జై ఆదివాసీ.