తిరుగు లారీలో ఏం తేవాలి?



పట్టభద్రులారా, నేను దామరచర్ల వాణ్ని. మా వైపు నుంచి రాత్రంతా హైదరాబాద్‌కు సిమెంటు లారీలు పోతుంటాయి. వాడపల్లి, గణేశ్‌పహాడ్, మట్టపల్లి, మేళ్లచెరువు, అన్నీ సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్లే. కృష్ణ ఒడ్డు సున్నపురాయే హైదరాబాద్‌లో అంతస్తులుగా లేస్తుంది. ఇల్లు పాతబడి కూల్చాక అదే రాయి ఏ చెరువు శిఖంలోనో తేలుతుంది.

మా ఊరి పక్క వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. బొగ్గు కాలితే బూడిద తప్పదు. అయితే పోజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపవచ్చు. కొనేవాళ్లు పక్క ఊళ్లోనే ఉన్నారు. కాబట్టి మా దగ్గర బూడిద సరుకు. పట్టా కప్పని బూడిద లారీ వెనక బైకు నడిపినవాడు మాత్రం ఆ మాట ఒప్పుకోడు లెండి!

కూల్చిన ఇళ్ల శిథిలాలకు ఆ అదృష్టం లేదు. బరువెక్కువ, ధర తక్కువ. నలభై కిలోమీటర్లు పోయేసరికి కిరాయే సరుకును మింగేస్తుంది. అందుకే వాటిని నలగ్గొట్టి కంకర, ఇసుక చేసే కేంద్రాలు హైదరాబాద్‌లోనే, జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో పెట్టారు. ఒక్కోదాని సామర్థ్యం రోజుకు 500 టన్నులు. పాత కాంక్రీటు నుంచి వచ్చిన కంకరను ఇనుము లేని సాదా కాంక్రీటులో 25 శాతం దాకా వాడవచ్చని 2016 నాటి ఐ.ఎస్. 383 ప్రమాణమే చెబుతోంది. మేస్త్రీ మాత్రం నమ్మడు.

ఆ కంకరను మా రాళ్ల సీమకు మోసుకురావడం తెలివితక్కువ పని. కానీ పాత కాంక్రీటు నలిపినప్పుడు రాలే మెత్తటి పొడి సంగతి వేరు. అందులో గడ్డకట్టిన సిమెంటు ఉంటుంది, సున్నం ఉంటుంది. దాన్ని కొత్త సిమెంటులో కలిపేందుకు ఐరోపా 2023లోనే ప్రమాణం రాసుకుంది. ఖాళీగా తిరిగొచ్చే లారీకి సగం కిరాయైనా లాభమే. ఆ పొడి వాడపల్లి చేరితే గిట్టుతుందా? లెక్క వేయాల్సింది మీరే.

2026 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త నిబంధనలున్నాయి. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే పెద్ద బిల్డర్లు వ్యర్థాల బాధ్యత మోయాలి, రీసైక్లింగ్ సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. మంచిదే. కాకపోతే కాగితం చేతులు మారినంత తేలిగ్గా శిథిలం కదలదు.

అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒక పని చేయండి. మీ సైటు నుంచి శిథిలాలతో బయటికి పోయే లారీ వెనకే వెళ్లండి. కాటా చీటీ మీద ఏ ఊరు రాశారో, నిజంగా ఎక్కడ గుమ్మరించారో చూసి రండి.