లడఖు సరస్సులు - పోరుమామిళ్ల శాసనము



హిమాలయములకు ఆవలనున్న లడఖు దేశమునకు గడచిన సంవత్సరము శ్రావణమాసమున నేను పోయివచ్చితిని. అచ్చటి సరస్సులను గూర్చి మీతో నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను కోరినారు. చూచిన వింతలన్నియు వరుసగా వర్ణించుకొనుచు పోవుట నాకు రుచింపదు; అందులకు పుస్తకములు గలవు, చిత్రపటములు గలవు. నేను బద్వేలు ప్రాంతపువాడను, చెఱువుకట్టపై నడచి పెరిగినవాడను. నీరు కంటబడినంతనే దీనికి తూము ఎక్కడ, అలుగు ఎక్కడ, దీనిక్రింద ఎన్ని యెకరములు పాఱును అనునదియే నా మనస్సునకు ముందు తోచును. కావున ఆ సరస్సులను మన పోరుమామిళ్ల చెఱువు ప్రక్కన నిలిపి చూపెదను.

పోరుమామిళ్ల చెఱువు మన కడప జిల్లాలోనిదే. విజయనగరప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మాఱుపేరు గలవాడు, ఉదయగిరి నుండి పాలించుచు దీనిని కట్టించెను. శాలివాహనశకము 1291, అనగా క్రీస్తుశకము 1369వ సంవత్సరమున వేయించిన సంస్కృతశాసనము ఆ యూరి భైరవాలయము చెంత రెండు ఱాతిపలకలపై చెక్కబడినది. దినమునకు 1000 మంది కూలీలు, ఱాళ్లు తోలుటకు 100 బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినట్లు అందు వ్రాసినారు. అంతకంటె విలువైన సంగతి మఱియొకటి గలదు. మంచి చెఱువునకు కావలసిన యంగములు 12 అనియు, చెఱువునకు తగులు దోషములు 6 అనియు శాసనకర్త లెక్కించి చెప్పినాడు. ధర్మపరుడును కీర్తికాముడును అగు రాజు, జలశాస్త్రమెఱిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, మూడామడల దూరము నుండి వచ్చు తియ్యనినీటి యేఱు, ఇరుప్రక్కల కొండ, నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన ఱాతికట్ట, లోతైన గర్భము, దగ్గఱ ఱాతిగని, చదునైన సారవంతపు పొలము, పని నేర్చిన మనుష్యులు - ఇట్టివి యంగములు. ఇక దోషములు: కట్టనుండి నీరు ఊరుట, చౌడునేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మెరక యుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, నీరు విస్తారమై పొలము కొంచెమగుట. ఈ యాఱింటిని జ్ఞాపకముంచుకొనుడు. మరల వీనితో పని యున్నది.

మనకును లడఖునకును చుట్టరికము లేదు గాని కష్టము ఒక్క జాతిదే. నైరృతి మేఘములను పడమటి కనుమలు ఆపివేయగా మన సీమ వానచాటున పడినది. అదే మేఘములను హిమాలయములు ఆపివేయగా లడఖు అంతకంటె దట్టమైన చాటున పడినది. కడపలో ఏటికి రమారమి 700 మిల్లీమీటర్ల వాన కురియును. లేహ్ పట్టణమున 100 మిల్లీమీటర్లు కురియుటయే గొప్ప. మన కఱవుయేటి వాన వారికి ప్రళయము. ఇది అతిశయోక్తి కాదు. 2010వ సంవత్సరము ఆగష్టు నెలలో ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి లేహ్ ప్రాంతపు మట్టియిండ్లు బురదలో కొట్టుకొనిపోయి, రెండువందలకు పైగా జనులు మరణించిరి.

లేహ్ పట్టణము సముద్రమునకు 11,500 అడుగుల యెత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. విమానము దిగిన రెండు దినములు ఊరక పండుకొని యుండవలెను. మెట్లెక్కినను ఆయాసము వచ్చును. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు వైద్యుని అడుగక ఆ ప్రయాణము పెట్టుకొనరాదు. కందిపప్పు వెంట తీసికొనిపోదమనుకొను వారికి ఒక మాట. మన యూరిలో నీరు 100 డిగ్రీల వేడికి తెర్లును. పాంగోంగు సరస్సు ఒడ్డున 86 డిగ్రీలకే తెర్లును. కుండ తళతళ ఉడుకుచున్నట్లే కనబడును గాని, మూత బిగించి ఆవిరి పట్టు పాత్ర లేనిదే పప్పు మెత్తబడదు. అందుచేతనే కాబోలు, ఆ దేశపువారు యవలను ముందే వేయించి విసరి పెట్టుకొందురు. అది మన పేలపిండివంటిదే. వెన్నయు ఉప్పును కలిపిన తేనీటితో దానిని ముద్దచేసికొని తిందురు. సంగటి తిన్న నోటికి అది వింతగా తోపలేదు.

లేహ్ నుండి పాంగోంగునకు చాంగ్‌లా అను కనుమ దాటిపోవలెను. ఆ కనుమ 17 వేల అడుగులకు మించిన యెత్తు. దాటి దిగిన తరువాత గంటలకొలది చెట్టు లేదు, చేమ లేదు. మన యెఱ్ఱమల కొండలను గీకి నున్న చేసినట్లుండు బోడికొండలు. వాని సందున ఒక్కసారిగా నీలము కనబడినది. మఱికొంత దూరము పోగా ఆ నీలము పచ్చ యైనది. మబ్బు పట్టగానే సీసపు వన్నె. సరస్సు పొడవు 134 కిలోమీటర్లు, అనగా కడపనుండి నంద్యాలకు పోవు బాటయంత. వెడల్పు మాత్రము ఎక్కువలో ఎక్కువ రమారమి 5 కిలోమీటర్లు. శీతకాలమున ఉప్పునీరయ్యు గడ్డకట్టి, ఱాతినేలవలె అగునట. అందమునకు లోటు చెప్పుటకు వీలులేదు.

దోసిట పట్టి నాలుకకు తగిలించితిని. ఉప్పు. ఒడ్డున స్పాంగ్మిక్ అను చిన్నయూరు గలదు. అచ్చట యవలు, బటానీలు పైరు పచ్చగా నిలిచియున్నవి. ఈ పైరునకు నీరెక్కడిదని ఒక వృద్ధుని దుబాసీ ద్వారా అడిగితిని. ఆయన సరస్సువైపు చూడనైన చూడక, వెనుకనున్న మంచుకొండవైపు చేయి చాపెను. అటనుండి మోకాలిలోతు లేని కాలువ యొకటి దిగివచ్చుచున్నది. ఊరివారు త్రాగునదియు అదే, పొలమునకు పాఱునదియు అదే. ఎదుట కన్ను ఆనినంతమేర నీరుండగా, ఆ యూరు బ్రదుకుచున్నది వెనుకనున్న పిల్లకాలువపై.

ఉప్పు ఎట్లు వచ్చినది? మన రైతులకు ఇది అర్థము కాని విషయము కాదు. ఏ యేఱైనను కొండలనుండి ఱాతిలోని ఉప్పును కొంచెము కొంచెము కరగించి తెచ్చును. ఏటికి పోవు దారి యున్నంతకాలము ఆ ఉప్పు నీటితోపాటు పోవును. పూర్వకాలమున పాంగోంగు నిండి పొర్లి, షియోకు నదిలో కలిసి, సింధునదికి చేరుచుండెడిది. పిమ్మట దేశము ఎండి, నీటిమట్టము తగ్గి, ఆ దారి మూసికొనిపోయినది. పాతమట్టపు గీతలు కొండవాలులపై మెట్లవలె నేటికిని కనబడుచున్నవి. అప్పటినుండి సూర్యుడొక్కడే దానికి తూము. సూర్యుడు నీటిని తీసికొని ఉప్పును విడిచిపోవును. మురుగు పోవు దారి లేని మడిలో చౌడు తేలుట మీరు చూచియే యున్నారు. ఆ మడిని వేలయేండ్లు అట్లే విడిచినచో పాంగోంగు అగును. అలుగునకు శాసనకర్త యిచ్చిన విలువ యేమో గాని, ఆ యొడ్డున నిలిచినప్పుడు మన అలుగులమీద నాకు గౌరవము పెరిగినది.

శాసనపు కొలత ఇప్పుడు పెట్టి చూడుడు. చౌడు ఒక దోషము. నీరు విస్తారమై పొలము కొంచెమగుట రెండవది. మూడవది అన్నిటికంటె కఠినము. ఆ సరస్సు రెండు రాజ్యముల పొలిమేర. రమారమి మూడవవంతు మాత్రమే మన యేలుబడిలో నున్నది, తక్కినది చీనావారి చేతిలో. వాస్తవాధీనరేఖ నీటిపై పోవుచున్నది. నీటిపై గీత నిలుచునా? 1962వ సంవత్సరపు యుద్ధమున సరస్సు ఒడ్డులందును, దానికి దక్షిణముననున్న చుషూలు ప్రాంతమందును పోరు జరిగినది. ఆ నవంబరు 18వ తేదీన రెజాంగ్‌లా కనుమయొద్ద మేజరు షైతాన్ సింగును, నూఱుమందికి పైగా ఆయన సైనికులును ప్రాణములు విడిచిరి. 2020 మే నెలలో మరల ఆ యొడ్డుననే ఇరుసేనలు ఎదురుబడినవి. 2021 ఫిబ్రవరిలో రెండు గట్లనుండి వెనుకకు తగ్గినవి. ఆఱువందల యేండ్లనాడు పోరుమామిళ్లలో కూర్చుండి వ్రాసినవాడు పొలిమేరను దోషములలో చేర్చుటకు ఎట్టి తగవులు చూచియుండెనో! తుంగభద్ర నీటికై పొరుగువారితో మనవారు పడిన పాట్లు ఎఱిగినవారికి ఈ దోషమును విడమరచి చెప్ప పనిలేదు.

త్సోకార్ అను మఱియొక సరస్సు గలదు. అది మఱింత ఉప్పు. గట్టున తెల్లగా పేరియుండును. చాంగ్‌పాలను సంచారజాతివారు, మేకల మేలివెన్నుతో శాలువలకు నూలునిచ్చువారు, పూర్వము ఆ ఉప్పును చిన్న సంచులలో కట్టి గొఱ్ఱెల వీపులపై వేసి, దిగువదేశములకు తోలి యవలకు మార్చుకొనెడివారు. మన తాతలనాడు లంబాడీలు సముద్రపుటుప్పును ఎద్దులపై మన సీమకు తెచ్చిన కథయే అది, ఎద్దునకు బదులు గొఱ్ఱె.

త్సోమోరిరి యొడ్డున కోర్జోకు అను గ్రామమును, ఒక బౌద్ధమఠమును గలవు. రమారమి 14,800 అడుగుల యెత్తున అచ్చట యవలు పండింతురు. అచ్చటను సరస్సు నీరు కాదు, మంచువాగు నీరే. లడఖు గ్రామములలో ఈ వాగునీటిని పంచుటకు ఛుర్పోను అను మనిషిని ఊరివారు నియమింతురు. ఏ మడికి ఎంతసేపు అను నిర్ణయము ఆయనదే. రాత్రి వచ్చిన నీరు వృథా పోకుండ జింగు లను చిన్నకుంటలలో నిలిపి పగలు విడుతురు. మన నీరుగంటి చేసిన పని అదియే. నీరుగంటి అనిన ఎవరో తెలియని పిల్లలు ఇప్పుడు మన యిండ్లలో పెరుగుచున్నారు. ఇది నాకు నచ్చని సంగతి.

ఇంకొక చిక్కు గలదు. విత్తుకాలము వసంతము, మంచు గట్టిగా కరగునది వేసవి నడుమ. ఈ నడిమి కొఱతకు చేవాంగ్ నోర్ఫెల్ అను ఇంజనీరు ఉపాయము కనిపెట్టెను. శీతకాలమున ఊరక పోవు వాగును కొండనీడకు మళ్లించి, చిన్న ఱాతిగోడలతో దాని వేగము తగ్గించెను. ఆ నీరు పొరపై పొరగా గడ్డకట్టును. ఊరికి దగ్గఱ, తక్కువ యెత్తున నుండుటచేత విత్తనముల నాటికి కరగివచ్చును. ఈ పని ఆయన 1987లో మొదలుపెట్టెను. 2015లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. శాసనము చెప్పిన యంగములలో రాజు, కట్ట, గర్భము లేకున్నను, జలమెఱిగినవాడును పని నేర్చిన మనుష్యులును ఉన్నచో చెఱువు పుట్టునని అక్కడ చూచితిని. కొండవాలున పండుకొని యున్న చెఱువు.

వేడుక చూడవచ్చువారు ఇప్పుడు వేలకు వేలు. 2009లో వచ్చిన ఒక హిందీ చలనచిత్రమున పాంగోంగు కనబడినప్పటినుండి ఒడ్డు పొడుగున గుడారములు వెలసినవి. వారందఱు త్రాగు నీరును ఆ పిల్లకాలువలదే యని ఎందఱు తలచుచున్నారో! పోదలచిన మన పిల్లలకు ఈ మాట చెప్పి పంపుడు.

త్సోమోరిరి యొడ్డున తలపై రెండు నల్లని పట్టెలు గల బూడిదవన్నె పెద్దబాతులను, వాని పిల్లలను చూచితిని. వేసవిలో అచ్చట గ్రుడ్లు పెట్టి, సరస్సు గడ్డకట్టు వేళకు హిమాలయములు దాటి ఎగిరివచ్చును. కర్ణాటకమున గదగు ప్రాంతపు మాగడి చెఱువునకు ఏటేట వచ్చి, కార్తీకము మొదలు ఫాల్గుణము వఱకు మకాము చేయును. పగలు నీటిపై నుండి, పొద్దుగ్రుంకిన తరువాత చుట్టుప్రక్కల చేలలో దిగి వేరుసెనగకాయలు ఏరుకొని తినును.