చెప్పాల్సిన చోట చెబుదాం, దాచాల్సింది దాచుకుందాం

(సమాఖ్య వార్షికోత్సవ సందర్భంగా చోరనూరులో చేసిన ప్రసంగ పాఠం)



నూలు ధర, మజూరీ, జరీ గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. మన వివరాలు మనం ఎవరికి చెబుతున్నాం, ఎవరికి దాస్తున్నాం అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. ఇదేదో చదువుకున్నవాళ్ళ విషయం, మనకెందుకు అనుకోవద్దు. మన రేషన్ కార్డు, మన బ్యాంకు ఖాతా, మన ఆడపిల్లల గౌరవం, మన కులాల లెక్క అన్నీ దీంట్లోనే ఉన్నాయి.

మన తెలుగులో రెండు సామెతలున్నాయి. ఒకటి "ఇంటి గుట్టు లంకకు చేటు". రెండోది "అడగందే అమ్మయినా పెట్టదు". మొదటిది నోరు మూసుకోమంటుంది, రెండోది నోరు తెరవమంటుంది. రెండూ నిజమే. ఎక్కడ ఏది వాడాలో తెలియకపోతేనే నష్టం. మనం చాలాసార్లు నోరు తెరవాల్సిన చోట మూసుకుంటున్నాం, మూసుకోవాల్సిన చోట తెరుస్తున్నాం.

ముందు దాచుకునే సంగతి చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి కర్ణాటక రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్ సామాజిక, విద్యా సర్వే చేసింది. జనం నోట్లో దాని పేరు కులగణన. కమిషన్ అధ్యక్షులు మధుసూదన్ నాయక్ గారు. 60 ప్రశ్నలు. మీటర్ రీడర్లు ముందుగా వచ్చి ఇంటికి స్టిక్కర్ అంటించి పోయారు, తర్వాత టీచర్లు వచ్చి అడిగారు. అప్పుడు మన ఇళ్ళ ముందు వినబడిన మాటలు మీకు గుర్తుండే ఉంటాయి. "మా ఇంట్లో ఎంతుంటే వాళ్ళకేమప్పా?" "ఆదాయం చెబితే కార్డు తీసేస్తారంట." "ఏం పని అంటే కూలి అని రాయించు, గొడవ ఉండదు."

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. బీపీఎల్ కార్డు పోతే ఆ ఇంట్లో బియ్యానికి కష్టం. సాహుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంతో వీధిలో నిలబడి చెబితే పక్కింటివాళ్ళు వింటారు. ఇంట్లో ఒకరికి క్షయ ఉందని తెలిస్తే సంబంధాలు రావేమోనని తల్లి దిగులు. ఇవన్నీ నిజమైన కారణాలే. అందుకే ఆ సర్వే మీద హైకోర్టుకు వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. 2025 సెప్టెంబరు 25న కర్ణాటక హైకోర్టు సర్వేను ఆపలేదు గానీ రెండు మాటలు గట్టిగా చెప్పింది. ఒకటి, పాల్గొనడం ప్రజల ఇష్టం, ఆ సంగతి జనానికి తెలియజెప్పాలి. రెండు, సేకరించిన వివరాలు గోప్యంగా ఉంచాలి, బయటికి ఇవ్వకూడదు.

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు, సుధామూర్తి గారు ఆ సర్వేలో పాల్గొనలేదు. తాము వెనుకబడిన వర్గానికి చెందినవాళ్ళం కాదు, మా వివరాలతో ప్రభుత్వానికి ప్రయోజనం లేదని రాసిచ్చారు. అది వాళ్ళ హక్కు, తప్పు పట్టాల్సిన పని లేదు. అయితే వాళ్ళు లెక్కలో లేకపోతే వాళ్ళకు పోయేదేమీ లేదు. మన సంగతి అట్ల కాదు. దేవాంగ, పద్మశాలి, తొగట, కురుహినశెట్టి, స్వకులసాళి, పట్టసాలి అని మనం ఇన్ని పేర్లతో ఉన్నాం. ఒక ఇంట్లో అన్న ఒక పేరు రాయిస్తాడు, తమ్ముడు "నేకార" అని రాయిస్తాడు, బావమరిది "శెట్టి" అంటాడు. చివరికి కాగితం మీద మనం ముక్కలు ముక్కలుగా మిగులుతాం. రిజర్వేషన్ అయినా, నిధి అయినా, హాస్టల్ సీటు అయినా ఇచ్చేవాడు ఆ కాగితాన్నే చూస్తాడు.

ఇంకో లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం చేయించిన చేనేత గణన 2009-10లో దేశంలో నేతగాళ్ళు, అనుబంధ పనివాళ్ళు కలిసి 43.31 లక్షల మంది. 2019-20 గణనలో ఆ సంఖ్య 35.22 లక్షలు. మగ్గం వదిలి బళ్ళారి జీన్స్ యూనిట్లకు, బెంగుళూరుకు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, అది నిజం. ఆ 35.22 లక్షల్లో సుమారు 8.48 లక్షల మంది అనుబంధ పనివాళ్ళు. అంటే నూలు తోడేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, ఆసు పోసేవాళ్ళు, అద్దకం వేసేవాళ్ళు. మన ఇళ్ళలో ఆ పని చేసేది ఎక్కువగా ఎవరు? అమ్మ, అత్త, కోడలు. తెల్లారి లేచి కండెలు చుట్టే అవ్వను లెక్కల మనిషి "ఏం పని చేస్తావమ్మా" అని అడిగితే "ఏం లేదప్పా, ఇంట్లోనే ఉంటా" అంటుంది. పక్కనున్న కొడుకు కూడా దిద్దడు. ఆమె గృహిణి అయిపోతుంది. నేతగాళ్ళకు ఇచ్చే గుర్తింపు కార్డు, బీమా ఆమెకు ఆ ఒక్క మాటతో దూరమవుతాయి. నేకార సమ్మాన్ యోజన కింద ఏటా ఖాతాలో పడే 5,000 రూపాయలు కూడా లెక్కలో ఉన్నవాళ్ళకే. అడగందే అమ్మయినా పెట్టదన్నది ఇక్కడ వాడాల్సిన సామెత.

2027 జనగణనలో కులం కూడా అడుగుతారు. జనగణనలో అన్ని కులాల లెక్క తీయడం 1931 తర్వాత ఇదే మొదటిసారి. మాతృభాష కూడా అడుగుతారు. కర్ణాటకలో ఉంటూ తెలుగు అని చెబితే ఏమైనా అవుతుందేమోనని మనవాళ్ళలో కొందరికి సంకోచం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అదే చెప్పండి. కన్నడ కూడా వస్తుందని చెప్పండి, అదీ నిజమే కదా.

జనగణన మామూలు సర్వే లాంటిది కాదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం అడిగినదానికి జవాబు చెప్పాలి. అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనం చెప్పిన వివరాలను ఎవరూ తీసి చూడకూడదు, కోర్టులో మన మీద సాక్ష్యంగా వాడకూడదు. ఇంకో చిత్రం వినండి. భర్త పేరు నోటితో పలకకూడదనే ఆనవాయితీ మన అవ్వల కాలంలో ఉండేది. ఆ చట్టం రాసినవాళ్ళు దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నారు. భర్త పేరు చెప్పమని ఏ ఆడమనిషినీ బలవంతం చేయకూడదని 8వ సెక్షన్‌లోనే రాశారు. అడిగేవాడికి హద్దు పెట్టడం మన దేశంలో కొత్తగా పుట్టిన ఆలోచన కాదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. టీచరమ్మకు ఆదాయం చెప్పని మనమే, జాతరలో లక్కీ డిప్ చీటీ మీద పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ రాసి డబ్బాలో వేసి వస్తాం. బట్టల షాపులో బిల్లు కొట్టేవాడు నంబరు అడిగితే మారుమాట లేకుండా చెబుతాం. ఎందుకురా అని అడగం. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేసి "మీ కేవైసీ ఆగిపోయింది" అంటే ఓటీపీ చదివి వినిపిస్తాం.

అన్‌సీజన్‌లో చేతిలో డబ్బు ఆడనప్పుడు పిల్లలు ఫోన్‌లో లోన్ యాప్ దింపుతారు. అయిదు నిమిషాల్లో డబ్బు. అది అడిగిన ప్రతిదానికీ "అలో" నొక్కుతారు. ఆ నొక్కుడుతో ఫోన్‌లోని నంబర్లన్నీ, ఫోటోలన్నీ వాళ్ళ చేతికి పోతాయి. కట్టడం ఒక వారం ఆలస్యమైతే మన వియ్యంకుడికి, సాహుకారుకు, పిల్ల చదివే కాలేజీ స్నేహితులకు ఫోన్లు. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ మన కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. ఏ యాప్ అయినా అవి అడిగిందంటే అది నియమం తప్పుతోందని అర్థం. వెంటనే తీసేయండి.

వేలిముద్ర సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ లేకుండా చిన్న మిషన్ మీద డబ్బు తీయవచ్చు. పల్లెల్లో ముసలివాళ్ళకు అది మంచి సౌకర్యమే. అదే సౌకర్యం దొంగకూ పనికొచ్చింది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్‌లు నడిపించి దొరికిపోయాడు. 2023లో మన కర్ణాటకలో ఆస్తి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్ళ ఖాతాల నుంచి డబ్బు పోయిందని పోలీసు కేసులు నమోదయ్యాయి. నూలుకు, రంగుకు అరిగిన మన వేళ్ళకు ముద్ర ఒకపట్టాన పడదు. "ఇంకోసారి పెట్టవ్వా, ఇంకోసారి" అంటారు. పెట్టిన ప్రతిసారీ ఎంత తీశారో చీటీ అడగండి. పడలేదంటే పడలేదని చీటీ అడగండి.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు. ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టులో కేసు వేసేనాటికి ఆయన వయసు 86. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు ఏకగ్రీవంగా, మనిషి గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అన్నారు. తర్వాత 2018 సెప్టెంబరు 26 తీర్పులో, ప్రభుత్వ సబ్సిడీలకు ఆధార్ అడగవచ్చు గానీ సిమ్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు, బడిలో చేరడానికి తప్పనిసరి చేయకూడదని చెప్పారు. ఆయన 2024లో కాలం చేశారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇదే పుట్టస్వామి గారు 1990లలో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా పనిచేశారు. ఏ కులం ఎట్ల బతుకుతోందో వివరాలు సేకరించి, న్యాయం ఏమిటో చెప్పే పని అది. వివరాలు అడిగే కుర్చీలో కూర్చున్న మనిషే, వివరాలకు కాపలా ఉండాలని కోర్టుకు వెళ్ళారు. లెక్కలోకి రావడానికీ, గుట్టు కాపాడుకోవడానికీ మధ్య తగువు లేదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు.

కాబట్టి ఎవరు వివరాలు అడిగినా మనం తిరిగి నాలుగు మాటలు అడుగుదాం. నువ్వెవరు, కార్డు చూపించు. ఇది దేనికి? ఏ చట్టం, ఏ ఉత్తర్వు ప్రకారం? చెప్పకపోతే నాకేం పోతుంది, చెబితే ఎక్కడ దాస్తావు? నిజమైన ఉద్యోగి కోపం తెచ్చుకోడు, జవాబు చెబుతాడు. అప్పు, జబ్బు లాంటివి వీధిలో చెప్పడం ఇష్టం లేకపోతే లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పండి. ఏ లెక్కల మనిషికీ మీ బ్యాంకు పిన్ను, డబ్బు తీసే ఓటీపీ అక్కర్లేదు. జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, దాని మీద ఏ పనికి ఇస్తున్నారో, తేదీ వేసి రాయండి. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే ఏర్పాటు ఉంది. రేషన్ రోజు తాళం తీసుకోవాలి, కొంచెం ఇబ్బందే, పిల్లల చేత నేర్చుకోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాస్తే ఆ డబ్బు దొరకదు.

చివరగా మన సమాఖ్య సంగతి. ప్రభుత్వాన్ని, కంపెనీని అడిగే మాట మనల్ని మనమూ అడగాలి. మన దగ్గర సభ్యుల పట్టిక ఉంది. వధూవరుల పరిచయాల వాట్సాప్ గుంపు ఉంది. అందులో ఆడపిల్ల ఫోటో, పుట్టిన తేదీ, గోత్రం, జీతం, తండ్రి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అన్నీ ఒకే కాగితంలో ఉంటాయి. పిల్లకు పెళ్ళయి బిడ్డ పుట్టినా ఆ కాగితం ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉంటుంది. వెనకటి సావనీరు ట్రంకు పెట్టెలో ఉండేది. ఈసారి సంచిక డిజిటల్, ఫోన్ నుంచి ఫోన్‌కు పోతుంది, వెనక్కి తెచ్చుకోలేం.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలవుతాయి. దాని సారం ఒక్కటే. అడిగి తీసుకో, చెప్పిన పనికే వాడు, పని అయిపోతే తీసేయ్. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం అమలయ్యేదాకా ఆగకుండా ఈ వార్షికోత్సవం నుంచే మొదలుపెడదామని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పరిచయ పత్రంలో పిల్ల పేరు, ఊరు, చదువు చాలు. ఫోటో, ఫోన్ నంబరు ఊరి పెద్ద దగ్గర ఉంటాయి, ఇరుపక్షాలూ ఒప్పుకున్నాకే ఇస్తారు. సంబంధం కుదిరిన వారంలో ఆ పత్రం తీసేస్తారు. పథకాల దరఖాస్తులకు తీసుకున్న ఆధార్ జిరాక్సులు పని కాగానే తిరిగి ఇస్తారు. వైద్యానికి సాయం తీసుకున్నవాళ్ళ ఫోటోలు, జబ్బు పేర్లు సంచికలో వేయరు. వీటికి ఖర్చేమీ లేదు, కావాల్సింది మర్యాద.

మన మీద మనవాళ్ళకు ఆ నమ్మకం కుదిరితే, రేపు లెక్కల మనిషి వచ్చినప్పుడు "మన సమాఖ్య చెప్పింది, చెప్పు అవ్వా" అంటే అవ్వ చెబుతుంది. కండెలు చుట్టే పని నాదేనని తలెత్తి చెబుతుంది. ఆ రోజు రావాలని కోరుకుంటున్నాను.