రెండు లైన్లు తీసేశారు, అంతే! డిస్ట్రో ప్యాచ్ ఎక్కడికి వెళ్లాలి?

‘అన్నా, ఓపెన్ సోర్స్‌కి కోడ్ ఇవ్వాలంటే ఎవరికి పంపాలి? ఉబుంటుకా, డెబియన్‌కా, లేక ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకా?’ అని చాలామంది అడుగుతున్నారు. చిన్న ప్రశ్నలాగే ఉంటుంది గానీ, దీని వెనక పెద్ద కథే ఉంది. ముందు అది చెప్తాను.

సాఫ్ట్‌వేర్‌ని అసలు రాసే టీమ్‌ని అప్‌స్ట్రీమ్ అంటారు. ఏటికి ఎగువన ఉన్నవాళ్లు అనుకోండి. డెబియన్, ఫెడోరా, ఆర్చ్ లాంటి డిస్ట్రోలు దిగువన ఉంటాయి. ఎగువ నుంచి వచ్చిన సోర్స్ కోడ్ తీసుకుని, తమ సిస్టమ్‌కి సరిపోయేలా మార్పులు చేసి, ప్యాకేజీ కట్టి మనకిస్తాయి. డెబియన్‌లో అది డెబ్, ఫెడోరాలో ఆర్‌పీఎం. ఆ మార్పుల్నే ప్యాచ్‌లు అంటారు. అంటే మీరు ఇన్‌స్టాల్ కొట్టగానే దిగేది ఎగువవాళ్లు రాసింది రాసినట్టు కాకపోవచ్చు. మధ్యలో మెయింటైనర్ చెయ్యి పడి ఉంటుంది.

ఇక కథ. 2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ మీద ఒక కంప్లయింట్ వచ్చింది. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే టూల్‌తో చెక్ చేస్తే, విలువ పెట్టని మెమరీని చదువుతున్నారని వార్నింగులే వార్నింగులు. కారణం వెతికితే ఒకేలా కనిపించే రెండు లైన్లు దొరికాయి. మెయింటైనర్ రెండింటినీ కామెంట్ చేసేశారు. వార్నింగులు పోయాయి.

ఆ రెండిట్లో ఒకటి పోయినా పెద్ద నష్టం లేదు. రెండోదే ప్రాణం. కీ తయారుచేయడానికి కావాల్సిన యాదృచ్ఛికత, అంటే ఎవరూ ఊహించలేని రాండమ్ డేటా, లోపలికి వెళ్లేది ఆ లైన్ గుండానే. అది పోయాక మిగిలింది ప్రాసెస్ ఐడీ ఒక్కటే. అప్పట్లో లినక్స్‌లో డిఫాల్ట్‌గా అది 32,768 దాటేది కాదు. అంటే ఒక రకం ప్రాసెసర్ మీద, ఒక సైజులో చేసిన కీలు ప్రపంచం మొత్తం మీద ముప్పై రెండు వేల పైచిలుకే! అన్నీ ముందే తయారుచేసి పెట్టుకుని, ఒక్కొక్కటే తాళానికి పెట్టి చూడొచ్చు.

ఇది బయటపడింది 2008 మే 13న. దాదాపు ఇరవై నెలలు. కోడ్ దాచిందేమీ లేదు, ఎవరైనా చదవొచ్చు. చదవలేదు. డెబియన్ మీద కట్టిన ఉబుంటుకీ ఇదే పాకింది. ఫెడోరాలో ఆ ప్యాచ్ లేదు. కానీ డెబియన్‌లో చేసిన కీని ఎవరైనా ఫెడోరా సర్వర్‌లో పెట్టుకుని ఉంటే, ఆ తలుపు కూడా తెరిచినట్టే.

ఆ మెయింటైనర్‌ని తిట్టడం సులువు, నేనైతే తిట్టను. ఆయన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మెయిలింగ్ లిస్టులో అడిగారు కూడా. డీబగ్గింగ్‌కి పనికొస్తుందంటే తీసేయొచ్చు అన్నట్టు జవాబొచ్చింది. కానీ ఆ మార్పు పూర్తి ప్యాచ్‌గా ఎగువకి వెళ్లి, ఆ కోడ్ తెలిసినవాళ్ల రివ్యూలో నిలబడలేదు. డిస్ట్రో ప్యాకేజీలోనే ఉండిపోయింది. నా లెక్కలో అసలు సమస్య అక్కడుంది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: అందరికీ పనికొచ్చే మార్పైతే ఎగువకే పంపండి. డిస్ట్రో సర్దుబాటైతే డిస్ట్రోకే. ఏది ఏదో తేల్చుకోవడమే కష్టం. టెర్మక్స్ చూడండి, మీలో చాలామంది ఫోన్లో వాడేదే. మామూలు లినక్స్ ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లని టీఎంపీ ఫోల్డర్‌లో పెడతాయి. ఆండ్రాయిడ్‌లో అది ఉండదు. అందుకే టెర్మక్స్ ప్యాకేజీల్లో ఆ దారిని మార్చే ప్యాచ్‌లు కనిపిస్తాయి. టెర్మక్స్ దారిని నేరుగా రాసిన ప్యాచ్‌ని ఎగువకి పంపితే తీసుకోరు, తీసుకోకూడదు కూడా. అదే మార్పుని ‘టీఎంపీడీఐఆర్ వేరియబుల్ పెట్టి ఉంటే అది వాడు, లేకపోతే పాత దారే’ అని రాశారనుకోండి, అన్ని డిస్ట్రోలకీ పనికొస్తుంది. అక్కడ ఒక ప్యాచ్ మోసే బరువు కూడా తగ్గుతుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ ప్యాచ్‌ని మళ్లీ అతికించే పని ఎవరో ఒకరు ఖాళీ టైమ్‌లో చేస్తున్నారు మరి.

మొదలుపెట్టడానికి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో సోర్సెస్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ తెరవండి. మీరు వాడే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వెతికి, డెబియన్ ఫోల్డర్‌లో ప్యాచెస్‌లోకి వెళ్లండి. చాలా ప్యాచ్‌ల పైభాగంలో ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని ఉంటుంది. ‘ఫార్వర్డెడ్’ అనే వరుస ఉంటే దాన్ని చూడండి. ‘నో’ అని ఉంటే ఎగువకి ఇంకా పంపలేదని అర్థం. ‘నాట్ నీడెడ్’ అంటే అది డెబియన్‌కే పరిమితం, వదిలేయండి.

‘నో’ దొరికిందని వెంటనే కాపీ కొట్టి పంపకండి. ఎగువ తాజా కోడ్‌లో ఆ బగ్ ఇంకా ఉందేమో చూడండి. ప్యాచ్ రాసినవాళ్ల పేరు తీసేయకండి, అది వాళ్ల కష్టం. ఎందుకు పంపలేదని మెయింటైనర్‌ని ఒక మాట అడగండి, కారణం ఉండొచ్చు. ఆ తర్వాత పంపేటప్పుడు ‘ఈ లైన్ ఏం చేస్తుంది, మారిస్తే ఏమవుతుంది’ అని మీ మాటల్లో రాయండి. రాయలేకపోతే ఆ ప్యాచ్ మీకింకా అర్థం కాలేదన్నమాట. ఆగండి, చదవండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఒక డెబ్ ప్యాకేజీని మొదటి నుంచి కడదాం. ఈలోపు ఆ ‘నో’ ఒకటి వెతికి పెట్టుకోండి. ఉంటాను.